ఎవరి నడిగి చేసితిరి?

ఈ కాలమున మనకు నూతన సాధనములకు కొదవ లేదు. రేషను బియ్యమునకొక యంత్రము, పింఛనునకొక యంత్రము, భూమి పట్టాకొక పోర్టల్, బడిపిల్లల హాజరునకొక యాప్, ఉపాధి కూలీల హాజరునకు మఱియొక యాప్ పుట్టినవి. ఇవి పుట్టినందుకు మేము దుఃఖించువారము కాము. తాలూకా కచ్చేరి గుమ్మము కడ దినములకు దినములు పడిగాపులు పడియుండిన పూర్వకాలమును మరల రమ్మని కోరు వెఱ్ఱితనము మాకు లేదు. కాని యిట్టి సాధనమొకటి క్రొత్తగా వెలసినప్పుడెల్ల మేమొక్క ప్రశ్న యడుగుచున్నాము. దీనిని వాడవలసిన వారిలో ఎవరి నడిగి చేసితిరి?

ఈ ప్రశ్నకు సాధారణముగా మూడు సమాధానములు వచ్చుచుండును. నిపుణుల నడిగితిమందురు. అధికారుల నడిగితిమందురు. పట్టణమున కొందఱు యువకుల చేతికిచ్చి పరీక్షించితిమందురు. ముసలి నేతగాని నడిగితిమని గాని, బీడీలు చుట్టు తల్లి నడిగితిమని గాని, పదేండ్ల బాలిక నడిగితిమని గాని చెప్పగా మేము విన్నది మిక్కిలి యరుదు. సాధనము నిర్మించుటకు పూర్వమే, దానిని వాడబోవు సకల వయస్కులను పిలిచి, వారికేమి కావలెనో విని, వారు పనిచేయు చోటును కన్నులార చూచి, ఆ తరువాతనే కొలతలు వేయవలెననుట మా వాదము. ఇట్లు చేయుట దయ కాదు, దానము కాదు. అది శిల్పి మొదటి ధర్మము. తొడుగువాని కొలత తీయక చొక్కా కుట్టిన దర్జీని మనము పనివాడనము గదా!

మా మాట గాలిలో నిలువకుండుటకై మానేటి యొడ్డుననున్న సిరిసిల్లను దృష్టాంతముగా గైకొందము. 2016 అక్టోబరు 11వ తేదీన ప్రత్యేక జిల్లాకు ముఖ్యపట్టణమైన యీ యూరిలోను, దాని చుట్టుపట్లను 25,000కు మించిన మరమగ్గములు కలవు. జనులు వీనిని సాంచాలందురు. కొన్ని సాంచాలు పెట్టుకొని పెద్ద యజమానుల నూలు తెచ్చి నేయించు ఆసాములు, వారి కింద పగటి పాళీ రాత్రి పాళీలుగా పండ్రెండేసి గంటలు నిలిచి నడిపించు కార్మికులు, కండెలు చుట్టు స్త్రీలు, వార్పిన్, సైజింగ్ పనివారు, ఇంటి గుమ్మమున చాట యొడిలో నుంచుకొని బీడీలు చుట్టు గృహిణులు, వీరందఱును గూడియే సిరిసిల్ల. ఒక్కొక్క కుటుంబమున మూడు తరములవారు మూడు విధములగు పనులలో నుందురు. జగిత్యాల, కోరుట్ల ప్రాంతములయందును బీడీ చాట లేని వాడ యరుదు. అక్కడి మగవారు పలువురు గల్ఫు దేశములకు పోయి యుందురు.

ఈ యూరి చేతులను చూడుడు. నూలుపోగు నలువదేండ్లు వ్రేళ్లనడుమ జారిన నేతగాని చేయి యది. తునికాకును కత్తిరించి, మడచి, పొగాకు నింపి, దారము చుట్టి, మొన మూయుచు దినమునకు వందలకొలది బీడీలు చేసిన స్త్రీ చేయి యది. వ్రేలికొనపై నుండు సన్నని గీతలు రాపిడికి అరిగిపోవును. వయసు పైబడిన కొలది చర్మము పొడిబారి బిగువు సడలి యున్న గీతలును మాసిపోవును. ఇది వైద్యుని నడిగి తెలిసికొనవలసిన రహస్యము కాదు. బీడీలు చుట్టు ఏ తల్లియైనను తన చేయి చాచి చూపగలదు. అట్టి యూళ్లలో ప్రభుత్వమువారు రేషను దుకాణమునందు వ్రేలిముద్ర యంత్రమును బెట్టిరి. ముద్ర పడిననే బియ్యము. అరిగిన వ్రేలిని యంత్రము గుర్తింపకున్న, ఆ చేయి కడిగికొని, తుడుచుకొని, మరల నొత్తి, మరల నొత్తి, రేపు రమ్మనిన మాట విని వెనుదిరుగవలసినదే.

ఇందు విచిత్రమేమనగా, ఈ చిక్కు పుట్టునని పెద్దలకు తెలియకపోలేదు. ఆధార్ మొదటి సంఖ్యను 2010 సెప్టెంబరు 29న మహారాష్ట్రమందలి టెంభ్లీ గ్రామమున నిచ్చిరి. ఆ యారంభమునందే వ్రేలిముద్రలతో పాటు కనుపాప ముద్రలను గూడ గైకొనిరి. అనగా, ఒక్క వ్రేలిని నమ్మరాదని వారికి ముందే తెలియును. అయినను దుకాణములో మొదట బెట్టిన యంత్రమునకు వ్రేలిని తడుము బుద్ధి యున్నది గాని కంటిని చూచు కన్ను లేదు. 2018 జనవరిలో ఆధార్ సంస్థవారే వార్ధకముచేతను కాయకష్టముచేతను వ్రేళ్లరిగినవారి కొఱకు ముఖమును చూచి గుర్తించు పద్ధతిని ప్రకటించిరి. తెలంగాణ రేషను దుకాణములకు కనుపాప యంత్రములు తరువాత వచ్చినవి. 2021లో కరోనా భయమున ఓటీపీ పద్ధతి వచ్చినది. మొదటి దినమునే యొక బీడీ కార్మికురాలిని దుకాణమునకు దోడ్కొని వచ్చి యంత్రముపై వ్రేలు పెట్టించి యుండిన, ఇన్నేండ్ల తరువాత తెలిసికొన్న దానిని అర గడియలో తెలిసికొని యుండరా?

పోనిండు, ఓటీపీ వచ్చినది గదా యందురేమో. ఆ సంఖ్య యెవరి ఫోనునకు వచ్చును? ఇంటికొక్క ఫోనున్నచోట నది పనికిపోయిన కోడలి చేతిలో నుండును. లేదా ఆధార్‌కు జతచేసిన నంబరు దుబాయిలోనో భీవండిలోనో ఉన్న కుమారునిది కావచ్చును. అవ్వ దుకాణము కడ నిలువబడును, ఆ యంకెలు సముద్రమునకావల మ్రోగును. ఈ యూరి యింటిలో ఫోను ఎవరి చేతనుండునో, ఏ గంటకుండునో యడిగియుండిన, ఈ రెండవ చిక్కు గూడ పుట్టకపోవును. ఎద్దు పుండు కాకికి ముద్దా యని మనవారందురు. పుండు గలవానిని అడుగక మందు కలిపిన వైద్యుడు ఎంత చదివినవాడైనను మందునే మార్చి మార్చి కలుపుచుండవలెను.

ముసలివారి సంగతి యిట్లుండగా పసివారి సంగతి చూతము. వీరిని అడుగవలెనన్న తలంపు గూడ మన పెద్దలకు రాదు. పిల్లవాడు వినవలసినవాడే గాని చెప్పదగినవాడు కాడని మన ఇండ్లలోను బడులలోను పాతుకొనిన నమ్మకము. 2020 సెప్టెంబరు 1వ తేదీ నుండి తెలంగాణమున బడిపిల్లలకు దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ప్రసారములద్వారా పాఠములు చెప్పిరి. ఆపత్కాలమున జేసిన ప్రయత్నమును మేము నిందింపము, మెచ్చుకొనుచున్నాము. కాని సాంచాల షెడ్డునానుకొని యుండు ఇంటిలోని బాలుని కొక్కసారి యడిగిన బాగుండెడిది. చెవుల కడ మగ్గములు ధడధడలాడుచుండగా నీకు పాఠము వినబడునా? ఇంటనున్న యొక్క టీవీ ముందు ఐదవ తరగతి చెల్లెలును, తొమ్మిదవ తరగతి అన్నయును ఎట్లు కూర్చుందురు? అతడు చెప్పియుండును. పలుకుమాటతో పాటు తెరపై పెద్దయక్షరములు కావలెననియు, మగ్గములాగు వేళ మరల పాఠము చూపవలెననియు చెప్పియుండును. ఇట్టివి చెప్పుటకు పట్టభద్రుడు కానక్కఱలేదు.

పైగా నేడు సిరిసిల్లలో గాని, మఱి యే తెలుగు పల్లెలో గాని, తాతకు ఫోను వాడుక నేర్పువారెవరు? మనుమడును మనుమరాలునే గదా! పింఛను దరఖాస్తును చదివి చెప్పునది మనుమరాలు. బ్యాంకునుండి వచ్చిన సందేశము నిజమో మోసమో విడమఱచునది మనుమరాలు. ఇంటి గుమాస్తా పని పదుమూడేండ్ల పిల్ల చేయుచుండగా, ఆ సాధనమును రచించువారు ఆ పిల్లను లెక్కలో చేర్చుకొనకపోవుట యేమి న్యాయము? ఆమె యెక్కడ తడబడునో, ఏ పదమును తాతకు చెప్పలేక పోవునో, అదియే సాధనములోని లోపము. దానిని ఉచితముగా చూపగల పరీక్షకురాలు ఇంటింట నుండగా మన పెద్దలు వేలు పోసి వేఱొక చోట పరీక్షలు చేయించుచున్నారు.

అడిగిన యెట్లుండునో తెలుపుటకును సిరిసిల్లలోనే యొక దృష్టాంతము గలదు. 2017లో నాటి ప్రభుత్వము బతుకమ్మ పండుగకు చీరలు పంచుటకారంభించెను. ఆ తొలియేట కొన్ని సిరిసిల్లలో నేయించి, తక్కినవి సూరతునుండి తెప్పించి పంచిరి. నాణ్యము బాగులేదని పలుచోట్ల స్త్రీలు వీధికెక్కిరి, కొన్నిచోట్ల చీరలను తగులబెట్టిరి. మరుసటి యేడాదినుండి నేతపని సిరిసిల్లకు వచ్చెను. క్రమముగా స్త్రీల యభిరుచులు తెలిసికొని, నిఫ్ట్ సంస్థవారి సాయమున రంగులును అంచులును పెంచిరి. గోచి పోసి కట్టు ముదుసళ్లకు మామూలు చీర చాలదు గనుక వారి కొఱకు తొమ్మిది మీటర్ల చీరలు వేఱుగ నేయించిరి. అంచున పూవులు దింపుటకు సాంచాలకు డాబీలు బిగించవలసి వచ్చెను. అనగా కట్టుకొను ముసలమ్మ కోరిక పోయి పోయి మగ్గపు టినుములో మార్పు తెచ్చినది. 2023 తరువాత ఆ పంపకము నిలిచిపోయినది. ఆ పథకపు మంచిచెడ్డలు రాజకీయ పక్షములవారు వాదించుకొందురు గాక. మాకు గావలసిన పాఠ మొక్కటే. అడుగనినాడు చీర మంటలపాలయ్యెను, అడిగిననాడు అవ్వ కొలతకు చీర వచ్చెను.

మగ్గము సంగతియు నంతే. 2013లో కేంద్ర ప్రభుత్వము సాదా మరమగ్గములను ఉన్నచోటనే మెఱుగుపఱచు పథకము నారంభించెను. పడుగుపోగు తెగినను, పేకపోగు తెగినను మగ్గము తనంత నాగునట్టి సాధనములను బిగించుట యందలి ముఖ్యాంశము. ఈ సాధనములు మంచివని మేమొప్పుకొందుము. కాని యొకే సాధనము ఇద్దఱి కన్నులకు రెండు విధములుగా దోచును. ఆసామికి అది చెడు గుడ్డ తగ్గించు సాధనము. కార్మికునికో, అది తన కంటికి విశ్రాంతి నిచ్చునదియు కావచ్చును, లేక తనపై మఱి నాలుగు మగ్గములు మోపుటకు సాకును కావచ్చును. ఈ రెంటిలో ఏది యగునో ఇనుము నిర్ణయింపదు. బిగించుటకు ముందు ఎవరితో కూర్చుండి మాటలాడితిమో అదియే నిర్ణయించును. ఇరువదేండ్ల పనివాడు వేగము కోరును. ఏబదేండ్ల పనివాడు మ్రోత తగ్గుటను కోరును, ఏలయన వాని చెవులు సగము పోయినవి. కండెలు చుట్టు స్త్రీ నడుము వంగకుండ కూర్చుండు పీట కోరును. ముగ్గురినడిగినగాని మగ్గపు షెడ్డు యొక్క నిజమైన యవసరము తేలదు.

ఇందుకు మన తెలుగునాటనే కీర్తిగన్న ప్రమాణ మున్నది. పోచంపల్లి పద్ధతి చీర నేయుటకు ముందు ఆసు పోయవలెను. అర్ధచంద్రాకారముగ నాటిన చీలలకు దారమును తగిలించుచు, ఒక్క చీరకు సుమారు 9,000 మారులు చేయి ఆడింపవలెను. ఈ చాకిరి ఇంటి స్త్రీలది. దీనిచే భుజములు పడిపోవును. ఆలేరు కడ శారాజీపేటలో చింతకింది మల్లేశముగారు చిన్ననాడే బడి మానినవారు. తల్లి లక్ష్మిగారి భుజపు నొప్పిని చూచి చూచి, 1990ల నాట ప్రయత్న మారంభించి, యేండ్లకొలది శ్రమించి, ఆసు యంత్రమును కనిపెట్టిరి. దానికి తల్లి పేరే పెట్టిరి. నాలుగైదు గంటల చాకిరి గంటన్నర పనియయ్యెను. 2017లో వారికి పద్మశ్రీ వచ్చెను. చదువుకొనిన యింజనీర్లకు రాని యూహ వీరికేల వచ్చెను? బుద్ధి యెక్కువ యని కొందఱందురు. కావచ్చును. కాని మేమనునది వేఱు. వారు వాడుక గలవారి పక్కనే కూర్చుండియుండిరి. ప్రతిదినమును ఆ భుజమును జూచుచుండిరి. యంత్రము కొలత లన్నియు ఆ భుజములో వ్రాసియుండెను.

అయితే ప్రతి తల్లికిని మల్లేశము వంటి కుమారుడు పుట్టడు. కావున తల్లి ప్రేమ చేసిన పనిని ఒక నియమముగా మార్చవలెను. ఇతర దేశములవారు ఆ పని చేసిరి. 1970ల యారంభమున నార్వే దేశమందు క్రిస్టెన్ నైగార్డ్ అను గణకశాస్త్రజ్ఞుడు లోహకార్మికుల సంఘముతో కలిసి, కార్ఖానాకు రాబోవు కంప్యూటర్ల విషయమున కార్మికులే తమ యభిప్రాయమును నిర్ణయించుకొను పద్ధతిని నెలకొల్పెను. 1981లో స్వీడనునందు ముద్రణాలయ కార్మికులతో యుటోపియా యను ప్రయత్నము సాగినది. యంత్రము రాకపూర్వమే అట్టలతోను కఱ్ఱలతోను నమూనాలు చేసి పనివారిచేత ఆడించి చూచిరి. 1990ల చివర అమెరికాలో మేరీల్యాండు విశ్వవిద్యాలయమందు అలిసన్ డ్రూయిన్ అను విదుషి ఏడెనిమిదేండ్ల పిల్లలను గూడ రచనలో భాగస్వాములుగా కూర్చుండబెట్టెను. ఆ దేశములలో నిది సాధ్యమై, మన సిరిసిల్లలో అసాధ్యమనువారు, మన జనులు బుద్ధిహీనులని చెప్పక చెప్పుచున్నారు.

ఇక ప్రతివాదుల యాక్షేపములను విచారింతము. మొదటిది, సామాన్యులకు తమకేమి కావలెనో తెలియదనుట. దీనియందు కొంత సత్యము గలదు. యాప్ ఎట్లుండవలెనని యడిగిన అవ్వ యేమి చెప్పగలదు? కాని యట్లడుగుట అడుగువాని తెలివితక్కువ. అవ్వా, బియ్యము తెచ్చుకొనుటకు ఏ వేళ పోవుదువు, ఎవరు వెంట వత్తురు, ఫోను ఎవరి కడ నుండును, ఏ యక్షరము నీ కంటికి కనబడునని యడుగుడు. ఆమె కడుపునిండ చెప్పును. రోగి మందు పేరు చెప్పవలెనని వైద్యుడు కోరడు, నొప్పి యెచ్చటనని యడుగును.

రెండవది, ముసలివారు నేడో రేపో పోవువారు, పిల్లలు తామే నేర్చుకొందురు, నడుమ వయసువారికి సరిపడ చేసిన చాలుననుట. ఇంతకంటె క్రూరమైన మాట మేమెఱుగము. పింఛను పొందువాడు ముసలివాడు కాక మఱి యెవడు? పాఠము చదువువాడు పిల్లవాడు కాక మఱి యెవడు? ఎవరి కొఱకు చేయుచున్నారో వారినే విడిచి చేసిన దానిని, చెప్పు కొఱకు కాలు కోయుట యందురు. మఱియు ముసలివారికి సులభమైనది అందఱికిని సులభమే యగును. 2005 ఆగస్టు 15న మన రాష్ట్రమున 108 వాహనములు ఆరంభమైనప్పుడు, మూడంకెలు నొక్కి నోటిమాట చెప్పిన చాలునను నేర్పాటుండెను. అక్షరము రాని అవ్వయు, ఆరేండ్ల బిడ్డయు, చదివిన యువకుడును సమానముగా వాడగలిగిరి. ఆ సేవ పల్లెపల్లెకు తెలిసిన దగుటకు ఆ సౌలభ్యమొక కారణము.

మూడవది, అందఱినడిగిన పరస్పర విరుద్ధములగు కోరికలు వచ్చుననుట. నిజమే. అక్షరము రానివారు పలుకుమాట కోరుదురు. సాంచాల మ్రోతకు చెవులు పోయినవారికి పలుకుమాట వినబడదు గనుక బొమ్మను కోరుదురు. పిల్లలు వేగము కోరుదురు, పెద్దలు నిలకడ కోరుదురు. కాని యీ విరోధము అడుగుటవలన పుట్టినది కాదు. అది జీవితమందే యున్నది. అడిగినచో కాగితముపై కనబడును, అడుగకున్న దుకాణము ముందు వరుసలో కనబడును. కాగితముపై దిద్దుట సులభమా, వరుసలో నిలిచినవారిని దిద్దుట సులభమా?

నాలుగవది, కాలమును ధనమును వ్యయమగుననుట. చేసిన యంత్రమునకు కన్ను జతచేయుటకును, ఆ పిమ్మట ఓటీపీ జతచేయుటకును, ఆ పిమ్మట ముఖమును గుర్తించు పద్ధతి జతచేయుటకును అయిన వ్యయము ఎవరి ఖాతాలో వ్రాసిరి? వెనుదిరిగిన అవ్వల కాలినడకను ఎవరు లెక్కకట్టిరి?

ఐదవది, సభలు పెట్టి పిలిచినను జనులు రారనుట. అడుగనిది అమ్మయైన పెట్టదనిన సామెతను గూడ చెప్పి, తప్పు జనులదేనందురు. ఆ సభ యెప్పుడు పెట్టితిరి? పగలు పదునొకండు గంటలకు, కలెక్టరు కార్యాలయమందు. పగటి పాళీవాడు మగ్గము కడ నుండును. రాత్రి పాళీవాడు నిద్రలో నుండును. బీడీ స్త్రీకి వెయ్యి బీడీలకింత యని కూలి. సభలో కూర్చుండిన గంట బీడీలు ఎవరు చుట్టుదురు? పిల్లలు బడిలో నుందురు. ఇక వచ్చువారెవరు? తెల్లబట్టల నాయకులు. వారు చెప్పినదే ప్రజాభిప్రాయమని వ్రాసికొని పోవుదురు.

కావున మేము కోరునది యిది. సిరిసిల్ల కొఱకు గాని, మఱి యే యూరి కొఱకు గాని ప్రజాధనముతో క్రొత్త సాధనమేది చేయింపదలచినను, దాని నిర్మాతలు ముందుగా ఆ యూరికి వచ్చి యొక పూర్తి పాళీ షెడ్డులో నిలిచి చూడవలెను. ఒక పూట బీడీ చాట పక్కన కూర్చుండవలెను. పిల్లలను బడిలోనే, పెద్దల యనుమతితో, వారి గురువుల యెదుట అడుగవలెను. ముసలివారిని వారి యరుగుమీదనే యడుగవలెను. కూలి పోగొట్టుకొని మాటలాడువారికి ఆ గంటల కూలి నీయవలెను, ఏలయన నిపుణుని సలహాకు రుసుమిచ్చు ప్రభుత్వము నేతగాని సలహాను ఉచితముగ గైకొనుట న్యాయము కాదు. మొదట కాగితముపై బొమ్మలు గీసి చూపవలెను. అందఱికంటె నెమ్మదిగా వాడువారు వాడగలిగిన పిమ్మటనే యంత్రమును దుకాణమునకు పంపవలెను. తుదకు, ఎవరేమి చెప్పిరో, అందేమి గైకొంటిమో, ఏది యేల విడిచితిమో తెలుగున అచ్చువేసి గ్రామపంచాయతీ గోడకంటింపవలెను. చెప్పిన మాట యేమైనదో తెలియనివాడు రెండవమారు నోరు తెఱవడు.

చదువరులారా, యంత్రము మనుష్యుని సేవకుడని చెప్పుకొనుట మనకలవాటైనది. సేవకుడు యజమాని గొంతు నెఱిగి యుండవలెను గదా! ఎఱుగని సేవకుని ముందు యజమానియే చేయి చాచి, నేనే నేనని రుజువు చేసికొనుచు నిలువవలసి వచ్చినచో, అచ్చట సేవకుడెవడు, యజమాని యెవడు? వ్రేళ్లరిగినవారు తప్పు చేసినవారు కారు, పని చేసినవారు. వారు నేసిన బట్ట మనము కట్టితిమి. ఇక వారి మాట వినుట మన వంతు. రేపు మన యూరికి క్రొత్త సాధనమొకటి వచ్చి నిలిచినప్పుడు దానిని తెచ్చినవారిని మర్యాదగానే, కాని వెనుదీయక, మనమందఱము, పసివారితో ముదుసళ్లతో గూడ, ఈ యొక్క మాట యడుగుదము. అయ్యా, దీనిని ఎవరి నడిగి చేసితిరి?